పిచ్చుక వేళ్ళు, ఎర్ర దారం

కుట్టుమిషను పరుగులో ఉండగా ఫోనెత్తకూడదని కత్తెరమ్మకి తెలుసు. తెలిసీ ఎత్తింది. పోనీ, ఎత్తినప్పుడు మిషను మీంచి కాలైనా తీసిందా అంటే అదీ లేదు. మిషను టకటకమంటూ అవతలి మాటల్లో సగం నమిలి మింగేసింది. మింగగా మిగిలింది ఆమె చెవిలో పడింది.

"వదినగారూ, పిల్లకి..." టకటకటక "...పట్టు లేదు! బడిలో అందరికీ ఉంది, మన పిల్లకే లేదు. నలుగురిలో నాకెంత చిన్నతనమో ఆలోచించారా? మీ ఇంట్లో..." టకటకటక "...ఎప్పుడైనా పట్టించుకున్నారా?"

అవతల ఫోను పెట్టేశారు. అప్పుడు ఇవతల కాలు ఆగింది.

"పట్టు లేదా!" అంది కత్తెరమ్మ, ఎదురుగా నిలబెట్టిన కొలతల బొమ్మతో. "ఊరందరికీ పట్టు కుట్టేదాన్ని నేను. నా మనవరాలికి పట్టు లేదని నాకే ఫోన్ చేసి చెబుతుందా!"

తలలేని బొమ్మ కనుక అది తలూపలేదు.

ఆ ఫోను చేసినావిడ కత్తెరమ్మకి వదినగారంటే అన్నగారి భార్య కాదు, వియ్యపురాలు. కత్తెరమ్మ కూతుర్ని ఆవిడ కొడుక్కిచ్చి చేశారు. పెళ్ళిలో ఇద్దరూ ఒకరినొకరు నోరారా "వదినగారూ" అని పిలుచుకున్నారు. ఇప్పటికీ అలాగే పిలుచుకుంటారు. కాకపోతే ఆ "గారు"లో గారం ఇంకిపోయి కారం ఒక్కటే మిగిలింది.

ఇద్దరిదీ ఒకే వీధి. మధ్యలో ఒక మందుల దుకాణం, ఒక సైకిల్ రిపేరు కొట్టు అడ్డం ఉండబట్టి వీధి ఇంకా ప్రశాంతంగా ఉంది. వియ్యపురాలు తన ఇంటి ముందుగదిలో చిన్నపిల్లలకి ఆటలబడి నడుపుతుంది. అక్కడ పుస్తకాలుండవు. పూసలు, బట్టల క్లిప్పులు, దూది ఉండలు, పట్కార్లు, మూతలు తిప్పే సీసాలు, పిసికే బంకమట్టి ఉంటాయి. అందుకని వీధిలో అందరూ ఆవిడని పూసల టీచర్ అంటారు. "ఆడుకోవడం నేర్పడానికి కూడా ఒక టీచరా? రేపు ఆవలించడం నేర్పడానికి ఇంకొకరిని పెడతారు" అంటుంది కత్తెరమ్మ. చేతిలో కత్తెర ఉన్నా లేకపోయినా ఎదుటివాళ్ళని కత్తిరించి పారేస్తుంది కనుక ఆవిడకా పేరొచ్చింది.

ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే మనవరాలు. నాలుగేళ్ళది. దానికి పెద్ద పేరేదో పెట్టారు గానీ, అందరూ పిలిచేది పిచ్చుక అని. తల్లి రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది, తండ్రి సిటీ బస్సు తోలతాడు. అంచేత పొద్దున పిచ్చుక నాయనమ్మ బడిలో, మధ్యాహ్నం అమ్మమ్మ కుట్టుగదిలో. భోజనాల వేళకి మొదలై, సాయంత్రం అల్లుడు గుమ్మంలో చెప్పులు విడిచేదాకా సాగే ఆ మధ్యాహ్నాలే కత్తెరమ్మకి ఉన్న ఏకైక సిరి. భర్త పోయాక ఆ గదిలో మనిషి గొంతు వినపడేది ఆ కాసేపే. మిగతా సమయమంతా మిషను మాట్లాడుతుంది, ఆవిడ తిడుతుంది.

"పట్టు అడిగింది కదా, పట్టపగలే కళ్ళు చెదిరేలా పెడతా" అని బీరువా తెరిచింది. ఎవరో పెళ్ళికూతురి గౌను కుట్టగా మిగిలిన పట్టు ముక్క ఒకటి లేత బంగారు రంగులో మెత్తగా మడతపెట్టి ఉంది. దాన్ని బల్ల మీద పరిచి సుద్దతో గీతలు గీసింది. ఆ గీతల్లో కూడా కోపం కనిపించింది. రెండు చోట్ల సుద్ద విరిగింది.

అప్పుడే బడి నుంచి పిచ్చుక వచ్చి వాలింది.

"అమ్మమ్మా, ఎర్రది ఉందా?"

"ఉందే నా తల్లీ, నీకోసమే ఉంది."

ఈ ఎర్రది ఏమిటో చెప్పాలి. కత్తెరమ్మ ఏ గుడ్డ కుట్టినా, మిషనెక్కించే ముందు చేత్తో కచ్చా కుట్టు వేస్తుంది. పొడుగు పొడుగు కుట్లు, చివర ముడి ఉండదు. అసలు కుట్టు పడేదాకా గుడ్డ జారకుండా పట్టి ఉంచడమే దాని పని. ఆ తర్వాత దాన్ని లాగి పారెయ్యాలి. గుడ్డ ఏ రంగైనా సరే కచ్చా దారం మాత్రం ఎరుపే, లాగేటప్పుడు ఒక్కటి కూడా కంటి నుంచి తప్పించుకోకూడదని. పిచ్చుకకి సరిగ్గా మాటలు రాకముందే ఆ లాగే పని దానికి ఆటైపోయింది. ఆటకి ఒక మంత్రం కూడా ఉంది.

"ఎర్రది?" అని అడిగింది కత్తెరమ్మ, ఎవరిదో కుట్టడం పూర్తయిన చొక్కా దాని ముందు పడేసి.

"లాగెయ్!"

"తెల్లది?"

"ముట్టుకోకు!"

"లాగినవి ఎక్కడెయ్యాలి?"

"పీలికల డబ్బాలో!"

పిచ్చుక కింద కూర్చుని చొక్కా అంచుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. బొటనవేలు, చూపుడువేలు రెండూ కలిపి ముక్కులా చేసి, వెంట్రుక మందాన ఉన్న దారం కొసని పట్టింది. సర్రున లాగింది. దారం పాములా బయటికొచ్చింది. పరుగెత్తుకెళ్ళి డబ్బాలో వేసి వచ్చింది.

"శభాష్! నా వారసురాలివే నువ్వు."

లాగినందుకు బహుమానం ఇస్త్రీకి నీళ్ళు చిమ్మే సీసా. పిచ్చుక దాన్ని రెండు చేతులా పట్టుకుని, నాలుక బయటపెట్టి మీట నొక్కింది. నీళ్ళు కత్తెరమ్మ కళ్ళజోడు మీద పడ్డాయి. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే ఆ మనిషి మళ్ళీ ఆ వీధి మొహం చూడడు. పిచ్చుక కనుక కత్తెరమ్మ నవ్వుతూ కళ్ళజోడు తుడుచుకుంది.

పట్టు గౌను పని సాగుతుండగా ఒక పూట పీలికల డబ్బా నిండిపోయింది. బోర్లించి దులుపుతుంటే ఎర్ర దారప్పోగుల మధ్య నుంచి ఒక నీలం చేప జారిపడింది. వెనకాలే ఒక పసుపు గొడుగు. ఆ వెనకాల ఒక పుట్టగొడుగు. అన్నీ గుడ్డతో కత్తిరించిన బొమ్మలు.

కత్తెరమ్మ వాటిని చూడగానే గుర్తుపట్టింది. ఆటలబడి పిల్లలు రంగులు పూసుకోకుండా కట్టుకునే ఏప్రాన్లు కుట్టింది తనే. చదవడం రాని పిల్లలకి ఎవరిది ఎవరిదో తెలియాలని, ఒక్కొక్క ఏప్రాన్ జేబు మీద ఒక్కొక్క బొమ్మ పెట్టారు. ఆ బొమ్మలు మాత్రం వియ్యపురాలు తన చేత్తోనే కుట్టింది. "నా బడి పిల్లల గుండెల మీద నా చేతి పని ఉండాలి వదినగారూ" అంది. అది కూడా ఎర్ర దారంతో, "హుషారుగా ఉంటుంది" అని. ఆ పనితనం చూసిన రోజున కత్తెరమ్మ నలుగురు తల్లుల ముందు, "ఇది కుట్టా వదినగారూ, కుట్రా? చివర ముడైనా లేదు. పిల్లాడు తుమ్మితే చేప ఎగిరిపోతుంది" అని నవ్వింది. ఆ నవ్వు వియ్యపురాలి మనసులో సూదిలా దిగి ఇంకా అక్కడే ఉంది.

మరి ఆ బొమ్మలు ఈ డబ్బాలోకి ఎలా వచ్చాయి?

ఆ సాయంత్రం పిచ్చుకని తీసుకెళ్ళడానికి అల్లుడితో పాటు కూతురు కూడా వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, అత్తయ్య బడిలో ఏప్రాన్ల మీద బొమ్మలు మాయమైపోతున్నాయి. పిల్లలు ఒకరిది ఒకరు కట్టుకుని ఇళ్ళకి పోతున్నారు. పేరెంట్స్ వచ్చి గొడవ చేస్తున్నారు. ఎవరో కావాలని ఊడదీస్తున్నారని అత్తయ్య అంటోంది. ఎవరో అంటే, నువ్వని."

"నేనా!" కత్తెరమ్మ లేచి నిలబడింది. "నేనెందుకు ఊడదీస్తానే? అవి వాటంతటవే ఊడిపోతుంటే నాకా శ్రమెందుకు?" అంటూనే ఆమె చూపు చేప మీద పడింది. బొమ్మలు మూడూ చేతిలోకి తీసుకుంది. నిజం తెలిసినట్టు వెలిగింది మొహం. వెలిగింది గానీ, అది వేరే నిజం. "ఓహో! అదన్నమాట సంగతి! తనే ఊడదీసి, నా డబ్బాలో వేయించి, నన్ను దొంగని చేద్దామనుకుంటోంది. చూశారా అల్లుడుగారూ, మీ అమ్మగారి చేతివాటం!"

అల్లుడు గోడ కేసి చూశాడు. బస్సులో ఎంతమంది తోసుకుని తిట్టుకున్నా అద్దంలో చూస్తూ పోనిచ్చే మనిషి. ఇక్కడ అద్దమూ లేదు, స్టాపూ లేదు.

"అత్తయ్యా, ఇంకో మాట," అన్నాడు మెల్లగా. "పిల్ల అక్కడ ఏ ఆటా ఆడటం లేదట. పూస గుచ్చమంటే గుచ్చదు, క్రేయాన్ పట్టుకోమంటే గుప్పిట్లో పట్టుకుని విరిచేస్తుందట. శనివారం పేరెంట్స్ అందరూ వస్తారు. అందరి ముందూ పిల్లకి ఏది వచ్చో ఏది రాదో చూపించి, ఇకమీద మధ్యాహ్నాలు కూడా తన దగ్గరే ఉంచుకుంటానంటోంది అమ్మ."

మధ్యాహ్నాలు అన్న మాట వినగానే కత్తెరమ్మ చేతిలో బొమ్మలు కింద పడ్డాయి.

"మొన్న పట్టు లేదంది, ఇవాళ పూసలు రావంటోంది. రేపు ముక్కు లేదంటుంది!" అని గట్టిగానే అరిచింది గానీ, అరుపు చివర పీలికలా చిరిగింది. "ఈ వేళ్ళకి రాదా? ఈ వేళ్ళతో ఇది చిటికెలో..." అని పిచ్చుక చెయ్యి పట్టుకుని ఎత్తి చూపించింది. "శనివారం వస్తా. అక్కడే తేల్చుకుంటా. ఎవరి చెయ్యి ఎక్కడుందో నలుగురికీ చూపిస్తా."

శనివారం పొద్దున ఒక పెద్దమనిషి వచ్చి ప్యాంటు ఇప్పుడే కావాలని గుమ్మంలో కూర్చున్నాడు. వాడి ప్యాంటు అయ్యేసరికి పిల్ల గౌను అంచు కచ్చా కుట్టు మీదే ఉండిపోయింది. వేరే దారి లేక అలాగే తొడిగింది.

"అమ్మమ్మా, ఎర్రది!" అంది పిచ్చుక, గౌను అంచు పట్టుకుని.

"ఇప్పుడు కాదే, తర్వాత" అంది కత్తెరమ్మ, చేపనీ గొడుగునీ పుట్టగొడుగునీ సంచిలో వేసుకుంటూ.

ఆటలబడిలో పెద్దవాళ్ళందరూ పిల్లల కుర్చీల్లో కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డాలకి తగులుతున్నాయి. అలా ముడుచుకు కూర్చోబెడితే సాధువుకైనా చిరాకు పుడుతుంది. వీళ్ళు ముందే చిరాకు మీద వచ్చినవాళ్ళు. గోడ పొడుగునా పిల్లలకి అందేంత ఎత్తులో కొక్కేలకి ఏప్రాన్లు వేలాడుతున్నాయి, సగం జేబులు బోసిగా. కింద చాప మీద పళ్ళేలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో దూది ఉండలు, పక్కన పట్కారు. ఒకదాంట్లో పూసలు, పక్కన తాడు. ఒకదాంట్లో గుండీలు, ఒక గిన్నె.

పట్టు గౌనులో తళతళలాడుతూ పిచ్చుక లోపలికి రాగానే అందరి కళ్ళూ ఆ గౌను మీద పడ్డాయి. మిగతా పిల్లలందరూ పాత చొక్కాల మీద రంగులు పులుముకుని ఉన్నారు. ఎవరి ఒంటి మీదా పట్టు కాదు కదా, పట్టు లాంటిది కూడా లేదు. కత్తెరమ్మకి ఒక్క క్షణం ఎక్కడో ఏదో తేడాగా తోచింది. ఆ తోచినదాన్ని కోపం పక్కకి నెట్టేసింది.

పూసల టీచర్ పిల్లని కిందనించి పైదాకా చూసింది. "బంకమట్టి పిసికే చోటికి పట్టా? నన్నూ నా బడినీ ఎగతాళి చెయ్యడానికి గుడ్డ కూడా వృథా చేశారా వదినగారూ?"

"అడిగి పెట్టించుకుని అరుస్తారా వదినగారూ?"

"నేనడిగానా!"

"ఆ గొడవ తర్వాత," అని అడ్డొచ్చాడు ఒక తండ్రి. ప్లంబరాయన, నేరుగా పని నుంచి వచ్చినట్టున్నాడు, చేతులకి ఇంకా గ్రీజు ఉంది. "మావాడి గొడుగేది టీచర్? మొన్న ఎవరి ఏప్రానో కట్టుకొచ్చాడు. ఆ పిల్లకి జలుబు. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ జలుబు."

"మా అమ్మాయి చేప కోసం రెండ్రోజులుగా అన్నం తినడం లేదు," అంది కళ్ళజోడు పెట్టుకున్న ఒక తల్లి. "అసలు మీ బడిలో చూసేవాళ్ళున్నారా?"

పూసల టీచర్ గొంతు సవరించుకుంది. "నేను నా చేత్తో కుట్టిన బొమ్మలవి. వాటిని చూసి పళ్ళికిలించినవాళ్ళు ఒకరున్నారు. వేలెత్తి చూపించను. ఆవిడే సంచిలో చెయ్యి పెడుతోంది చూడండి."

నిజంగానే కత్తెరమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. చేప, గొడుగు, పుట్టగొడుగు మూడూ తీసి బల్ల మీద పరిచింది. "ఇవిగో! నా పీలికల డబ్బాలో దొరికాయి! ఎవరు వేయించారో వేయించినవాళ్ళకి తెలుసు!"

అక్కడ ఆవిడ ఊహించుకున్న దృశ్యం వేరు, జరిగింది వేరు. దొంగ నాటకం బయటపెట్టానని ఆవిడ అనుకుంది. దొంగే సొత్తుతో సహా వచ్చిందని గది అనుకుంది.

"అయ్యో, ఈవిడ దగ్గరే ఉన్నాయి!" అంది కళ్ళజోడు తల్లి.

"పెద్దావిడ అయ్యుండి చిన్నపిల్లల చేపలు ఎత్తుకుపోవడమేంటమ్మా?" అన్నాడు ప్లంబరాయన. అని, తుమ్మాడు.

అల్లుడు లేవబోయాడు. కుర్చీ కూడా ఆయనతో పాటే లేచింది. మళ్ళీ కూర్చున్నాడు.

"నేను ఎత్తుకురాలేదు!" అంది కత్తెరమ్మ. గొంతు పెద్దదే గానీ ఎవరూ వినడం లేదు. మిషను మోతలో ఫోను మాట ఆవిడకి వినిపించనట్టే ఇప్పుడు ఆవిడ మాట గదికి వినిపించడం లేదు.

"దాని సంగతి తర్వాత చూద్దాం," అంది పూసల టీచర్, ఇప్పుడామె గొంతు నెమ్మదించింది. గెలిచేవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది. "ముందు పిల్ల సంగతి. మీరందరూ అడుగుతుంటారు కదా, ఆడిస్తే ఏమొస్తుందని. పెన్సిలు పట్టే ముందు వేళ్ళు ఎదగాలి. పట్కారుతో దూది తీసి గిన్నెలో పెట్టే వేళ్ళే రేపు అక్షరాన్ని గీత మీద పెడతాయి. మూత తిప్పే మణికట్టే రేపు గుండ్రంగా సున్నా చుడుతుంది. మీ పిల్లలు అదంతా ఆటలోనే నేర్చుకుంటున్నారు. ఒక్క నా మనవరాలే నేర్చుకోవడం లేదు. పొద్దున నేను నేర్పింది మధ్యాహ్నం ఎక్కడ పోతోందో మీరే చూడండి. పిచ్చుకా, రా అమ్మా. ఈ తాడుకి పూస గుచ్చు."

పిచ్చుక పళ్ళెం ముందు కూర్చుంది. తాడుని గుప్పిట్లో రోకలిలా పట్టుకుంది. పూస మీద పొడిచింది. పూస జారింది. మళ్ళీ పొడిచింది. తాడు కొస వంగిపోయింది. కన్నం ఎక్కడుందో కళ్ళకి తెలుస్తోంది, వేళ్ళకి తెలియడం లేదు.

కత్తెరమ్మ ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయింది. ఈ వేళ్ళు ఆమెకి తెలిసిన వేళ్ళు కావు. వెంట్రుకంత దారాన్ని చిటికెలో పట్టేసే వేళ్ళు బఠాణీ అంత పూస ముందు మొద్దుబారి కూర్చున్నాయి. "చెయ్యవే తల్లీ" అనాలనుకుంది.

పిచ్చుకకి విసుగొచ్చింది. పక్కన ఎవరో పిల్లాడు గుచ్చిపెట్టిన పూసల తాడు తీసుకుని, కొస పట్టుకుని సర్రున లాగింది. పూసలన్నీ చెల్లాచెదురై పెద్దవాళ్ళ కుర్చీల కిందికి దొర్లాయి. ఆ పిల్లాడు ఏడుపు అందుకున్నాడు.

"చూశారుగా," అంది పూసల టీచర్. "ఇంక మధ్యాహ్నాలు లేవు వదినగారూ. సోమవారం నుంచి పిల్ల రోజంతా ఇక్కడే."

కూతురు తల వంచుకుంది. అల్లుడు తలుపు వంక చూశాడు. కత్తెరమ్మ ఖాళీ కుట్టుగదిని తలుచుకుంది. కొలతల బొమ్మ, మిషను, నీళ్ళ సీసా. సీసా నొక్కేవాళ్ళు లేరు.

పిచ్చుక మాత్రం వీళ్ళెవర్నీ పట్టించుకోలేదు. దాని కళ్ళు తన గౌను అంచు మీద పడ్డాయి. అమ్మమ్మ "తర్వాత" అన్న సమయం ఇదేనని దానికి తోచింది. రెండు వేళ్ళూ ముక్కులా కలిశాయి. దారం కొస పట్టింది. సర్రున లాగింది. పట్టు అంచు జారి కాళ్ళ మీద పడింది. దారాన్ని చేతికి చుట్టుకుని లేచి నిలబడి చుట్టూ చూసింది. ఎదురుగా ప్లంబరాయన చిన్న కూతురు కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. దాని ఏప్రాన్ జేబు మీద గాలిపటం. గాలిపటం చుట్టూ ఎర్ర దారం.

"ఎర్రది?" అని తనని తనే అడిగింది పిచ్చుక. "లాగెయ్!" అని తనే చెప్పుకుంది.

ఆ పిల్ల తెల్లబోయి చూస్తుండగానే గాలిపటం జేబు నుంచి ఊడి పిచ్చుక చేతిలోకి వచ్చింది. పిచ్చుక గాలిపటాన్నీ దారాన్నీ పట్టుకుని నేరుగా కత్తెరమ్మ దగ్గరికి నడిచి, ఆమె సంచిలో వేసింది. పీలికల డబ్బా దగ్గర లేదు కనుక.

"అమ్మమ్మా, నీళ్ళ సీసా ఇవ్వు."

గది మొత్తం పిచ్చుక నుంచి కళ్ళు తిప్పి కత్తెరమ్మని చూసింది. దొంగ ఎవరో తేలిపోయింది. ఎందుకు దొంగిలించిందో మాత్రం ఒక్కరికీ అర్థం కాలేదు, కత్తెరమ్మకి తప్ప.

నోరు మూసుకుని కూర్చోవచ్చు. పసిపిల్ల అల్లరి అని వదిలేస్తారు. కానీ ప్లంబరాయన అప్పటికే "చిన్నప్పుడే ఈ బుద్ధులా?" అని గొణిగాడు. ఆ మాట కత్తెరమ్మకి కుట్టింది.

"దొంగబుద్ధి కాదయ్యా, అది నా ఇంటి పని!" అని కస్సుమంది. "నా దగ్గర కచ్చా కుట్టు ఎర్ర దారంతో వేస్తాను. కుట్టు పడ్డాక ఆ దారం లాగి డబ్బాలో వెయ్యాలి. ఎర్రది కనిపిస్తే లాగెయ్ అని నేనే నేర్పాను. చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబెడతారు కదా, ఆ కొక్కేల పక్కన? ఎదురుగా అన్నీ ఎర్ర దారాలే. పైగా ఒక్కదానికీ ముడి లేదు! దానికి అవి కచ్చా కుట్లు అనిపించాయి. పని పూర్తి చేసి, లాగినవి జేబులో తెచ్చి నా డబ్బాలో వేసింది. చెప్పినట్టు చేసింది పిల్ల."

పూసల టీచర్ గాలిపటం తీసుకుని చూసింది. ఆ తర్వాత పిచ్చుక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని రెండు వేళ్ళూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. టీచర్‌కి కోపం ఎంతున్నా, వేళ్ళు కనిపిస్తే పరీక్షించకుండా ఉండలేదు.

"ఇంత సన్నం దారం... ఇంత చక్కగా గిల్లి పట్టుకుంటోంది," అంది తనలో తను. మళ్ళీ లేచి గొంతు మార్చుకుంది. "సరే వదినగారూ. లాగే పట్టు ఉంది, పెట్టే పట్టు లేదు. మీ ఇంట్లో విప్పడమే ఆట. దాని వేళ్ళు తీయడం నేర్చుకున్నాయి, పెట్టడం నేర్చుకోలేదు. తప్పు మీదే."

"ముడి వెయ్యకపోవడం ఎవరి తప్పు?"

"నాకు ముడి వెయ్యడం చేతకాలేదు, నిజమే. మీకు పిల్ల చెయ్యి సగమే పెంచడం చేతనైంది. ఏది ఎక్కువ?"

కత్తెరమ్మ పిచ్చుక గుచ్చలేకపోయిన పూసని పళ్ళెంలోంచి తీసి చేతిలో పట్టుకుంది.

"బొమ్మలన్నీ ఇవాళే కుట్టి పంపిస్తాను," అంది చివరికి.

"మీరు కుట్టొద్దు, ముట్టొద్దు. ఊడదీసిన వేళ్ళే కుట్టాలి."

"నాలుగేళ్ళదా?"

"మొద్దు సూది, లావు దారం. కన్నాలు మీరు ముందే పొడిచి పెట్టండి. అది సూది దూర్చాలి, లాగాలి, తిప్పి మళ్ళీ దూర్చాలి. నా పూసలంటే దానికి లెక్క లేదు. మీ గదిలో, మీ పక్కన కూర్చుని, ఇది నిజం కుట్టు అంటే చేస్తుంది." ఈ మాట అనడం పూసల టీచర్‌కి పంటికింద రాయిలా ఉంది. అయినా అంది. "అంచేత మధ్యాహ్నాలు మీకే ఉంచుతున్నాను. మీ మీద జాలితో కాదు, పిల్ల వేళ్ళ కోసం. ఎలా చేస్తోందో చూడ్డానికి నేనొస్తాను."

"మా ఇంటికా?"

"మీ ఇంటికే. కుర్చీ ఉంటే వెయ్యండి. లేకపోతే నించుంటా."

"కుర్చీ ఉంది," అంది కత్తెరమ్మ. "ఒక కాలు ఊగుతుంది."

"అంతా బాగానే ఉంది గానీ," అని మళ్ళీ ప్లంబరాయన లేచాడు, ఈసారి కుర్చీని చేత్తో విడిపించుకుని. "రంగులు పూసుకునే బడికి ఈ పట్టు గౌనెందుకమ్మా? మాకు తెలీకుండా ఇవాళ ఏమైనా ఉందా?"

"ఆవిణ్ణే అడగండి!" అంది కత్తెరమ్మ. "పిల్లకి పట్టు లేదు, బడిలో అందరికీ ఉంది, నాకు చిన్నతనంగా ఉందని ఫోన్ చేసింది ఆవిడే!"

పూసల టీచర్ కళ్ళు పెద్దవయ్యాయి. "చేతికి! పిల్లకి చేతికి పట్టు లేదన్నాను! మీ ఇంట్లో వేళ్ళ ఆటలు ఎప్పుడైనా పట్టించుకున్నారా అన్నాను!"

కళ్ళజోడు తల్లి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కుర్చీ నుంచి కుర్చీకి పాకింది. అల్లుడు కూడా నవ్వాడు, రెండు వైపుల నుంచీ రెండు చూపులు గుచ్చుకోవడంతో దగ్గుగా మార్చుకున్నాడు.

"ఆ 'చేతికి' నా చెవికి చేరలేదు," అంది కత్తెరమ్మ. "మిషను తినేసింది."

"ఈసారి నేను ఫోన్ చేస్తే మిషను ఆపండి వదినగారూ."

"ఈసారి మీరు ఆ విసురు ఆపి ఫోన్ చెయ్యండి వదినగారూ."

ఇంతలో ఆలస్యంగా వచ్చిన తల్లిదండ్రులు నలుగురు గుమ్మంలో నిలబడి, ఏమైంది, ఎందుకు నవ్వుతున్నారు, ఈ పూసలేమిటి, ఆ పట్టేమిటి అని అడగడం మొదలుపెట్టారు. పూసల టీచర్ మొహం తిప్పుకుంది. కత్తెరమ్మ సంచి భుజాన వేసుకుని, పిచ్చుకని చంకనెత్తుకుని, ఫోను మోగిన దగ్గర్నుంచీ మొదలుపెట్టింది. మిషను మింగిన మాట, పట్టు ముక్క, ఎర్ర దారం, డబ్బాలో చేప, ముడిలేని కుట్టు, ఏదీ వదలకుండా వరసపెట్టి చెప్పుకుపోయింది, పూసగుచ్చినట్టు.

ఆ రోజు ఆ గదిలో పూస గుచ్చింది ఆవిడొక్కతే.